ఎదురుగాలిలో రాలీ, హెర్క్యులిస్: నెల్లూరు నుంచి కొత్తపట్నం దాకా

ముందు సైకిళ్ళ సంగతి చెప్పాలి, ఎందుకంటే దారి పొడవునా జనం పలకరించింది వాటినే, మమ్మల్ని కాదు.

నాది రాలీ, ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో తయారైంది. వెనక హబ్బు మీద ఏడబ్ల్యూ అనీ, పక్కన 55 అనీ అచ్చు కొట్టి ఉంటుంది. స్టర్మీ-ఆర్చర్ వాళ్ళు హబ్బు ఏ సంవత్సరం చేశారో దాని మీదే అలా కొట్టేవాళ్ళు, అంటే ఇది 1955ది. మూడు గేర్లు, మూడూ హబ్బు కడుపులోనే, బయటికి కనిపించేది సన్నటి చిన్న గొలుసు ఒక్కటే. బావ తొక్కేది హెర్క్యులిస్. పేరు బర్మింగ్‌హామ్‌దే గానీ పుట్టింది మద్రాసు పక్కన అంబత్తూరులో, మురుగప్ప వాళ్ళు ఇంగ్లీషు కంపెనీ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి 1949లో పెట్టిన టీఐ సైకిల్స్‌లో. గేరు లేదు, డైనమో ఉంది, క్యారేజి మీద ఒక మనిషిని ఎక్కించుకున్నా కిక్కురుమనదు. బావ లెక్క ప్రకారం గేర్లనేవి తొక్కలేనివాళ్ళ కోసం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సంక్రాంతి అయిపోయిన వారం బయల్దేరాం. నిజానికి నెల్లూరు నుంచి ఉత్తరానికి సైకిలు మీద పోవాలంటే ఎండాకాలమే నయం, దక్షిణపు గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. జనవరిలో ఈశాన్యం గాలి నేరుగా మొహానికి కొడుతుంది. కానీ మే నెలలో ఈ జిల్లాల్లో సైకిలు తొక్కమని శత్రువుకి కూడా చెప్పలేం.

మొదటి రోజు: పల్లిపాడు, మైపాడు

అసలు ప్రయాణం మర్నాటి నుంచి. ఈ రోజు బండ్లని పరీక్షించడానికని నెల్లూరు నుంచి సముద్రం దాకా వెళ్ళి, తిరిగి ఇంటికే వచ్చేద్దామనుకున్నాం. మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే.

ఊరు దాటేదాకా ఆటోలు, హారన్లు. తర్వాత వరి మొదలవుతుంది, ఇక చూస్కోండి. నాట్లు పడి నెల దాటిన మడులు, గట్ల మీద కొంగలు, పెన్నా వైపు నుంచి చల్లటి గాలి. నా సైకిలు ముందు బ్యాడ్జి మీద కూడా కొంగ తలే ఉంటుంది, రాలీ వాళ్ళ గుర్తు అది. బావ దాన్ని చూపించి "మీ చుట్టాలందరూ వచ్చార్రా" అన్నాడు. ఇట్లాంటి జోకులు దారంతా భరించాను.

పాత రోడ్‌స్టర్ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో, ఇప్పటి సైకిళ్ళే తొక్కినవాళ్ళకి చెప్పడం కష్టం. నడుము వంచక్కర్లేదు. హ్యాండిలు మన దగ్గరికే వస్తుంది, సీటు వెడల్పాటి తోలుది, కింద రెండు పెద్ద స్ప్రింగులు. ఫ్రేము కోణం బాగా వాలుగా ఉంటుంది, ముందు ఫోర్కు కూడా బారుగా ముందుకి వంగి ఉంటుంది కాబట్టి గుంటలో పడ్డా ఆ దెబ్బ చేతులదాకా వచ్చేసరికి సగమైపోతుంది. చక్రాలు పెద్దవి, 28 బై ఒకటిన్నర. బరువు ఇరవై కిలోల పైమాటే, అందుకని ఊపు అందుకోవడానికి టైము పడుతుంది, కానీ అందుకున్నాక ఆ బరువే మనల్ని ముందుకి లాక్కుపోతుంది. గంటకి పన్నెండు, పద్నాలుగు కిలోమీటర్లు. అంతకంటే తొందరగా వెళ్ళాలనిపించదు కూడా. తల పైకెత్తి, వీపు నిటారుగా పెట్టి, వరిమడుల మీదుగా అవతలి ఊరి గుడి గోపురం దాకా చూస్తూ పోవచ్చు. వంగి తొక్కే సైకిళ్ళ మీద నాకు కనిపించేది ముందు టైరూ తారురోడ్డూ మాత్రమే.

పల్లిపాడులో కాసేపు ఆగాం. పెన్నా ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది, 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి ప్రారంభించారు. చెట్ల కింద సైకిళ్ళు నిలబెట్టి ఫొటో తీసుకుంటే, ఫోన్లో నలుపు తెలుపు చేయకపోయినా పాత ఫొటోలాగే వచ్చింది.

మైపాడు దగ్గర బకింగ్‌హామ్ కాలువ దాటాలి. 1876-78 కరువులో పనిలేని జనానికి కూలి దొరకాలని ఈ కాలువని తవ్వించి కలిపారు, అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి పెట్టారు. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం అన్నీ పడవల మీద దీన్లోనే పోయేవి. ఇప్పుడు చుట్టూ రొయ్యల గుంటలు, నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు.

సముద్రం దగ్గర వేడివేడిగా చేప వేపుడు తిని, మధ్యాహ్నం వెనక్కి తిరిగాం. అప్పుడు తెలిసింది ఆ రోజు మజా. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి తూర్పు నుంచి పడమటికి తిరుగుతుంది, మేమూ పడమటికే. నేను మూడో గేరు వేశాను. మూడో గేరంటే పెడలు ఒక చుట్టు తిరిగితే మామూలు కంటే మూడో వంతు ఎక్కువ దూరం పోతుంది. హబ్బులోంచి టిక్ టిక్ టిక్ అని సన్నటి చప్పుడు, రెండో గేరులోనూ మూడో గేరులోనూ వస్తుంది, మొదటి గేరులో మాత్రం రాదు. బావ కాళ్ళు మిషను కుట్టినట్టు ఆడిస్తూ నా వెనకే వచ్చాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

రెండో రోజు: కోవూరు మీదుగా కావలి

తెల్లారకముందే బయల్దేరాం. పెన్నా మీద 2022లో మొదలైన బ్యారేజీ వంతెన దాటి కోవూరు వైపు. మంచు పట్టి ఉంది, వీధి దీపాలు అయిపోయాక బావ డైనమో వేశాడు. టైరుకి ఆనుకుని తిరిగే ఆ చిన్న సీసాలాంటి డైనమో చేసే గుర్ర్‌మనే చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. నెమ్మదిగా తొక్కితే లైటు ఎర్రగా మినుకుమంటుంది, జోరు పెంచితే తెల్లబడుతుంది. వెలుతురు కావాలంటే కష్టపడాల్సిందే, బ్యాటరీ అయిపోతుందన్న టెన్షన్ లేదు.

హైవే మీద ఎక్కువసేపు ఉండకూడదని ముందే అనుకున్నాం. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఆ గాలికి సైకిలు ఒక జానెడు పక్కకి జరుగుతుంది. అందుకే వీలైనచోటల్లా సర్వీసు రోడ్డు, లేకపోతే రైలు పట్టాల పక్కన ఊళ్ళలోంచి పోయే రోడ్లు పట్టుకున్నాం. పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, ఇలా స్టేషన్ల పేర్లే మాకు మైలురాళ్ళు. ఒకచోట బడికెళ్ళే ఆడపిల్లలు నలుగురు ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ళ మీద కబుర్లు చెప్పుకుంటూ, మమ్మల్ని అసలు పట్టించుకోకుండా దాటేసి వెళ్ళిపోయారు.

అల్లూరు రోడ్డు స్టేషను దాటాక నా ఎడమ పెడలు దగ్గర టక్కు మని శబ్దం మొదలైంది. చుట్టు చుట్టుకీ ఒక టక్కు. కాటర్ పిన్ను. ఈ పాత సైకిళ్ళలో పెడలు కర్రని ఇరుసుకి పట్టి ఉంచేది ఒక్క చిన్న ఇనప చీల, ఒక పక్క ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, అది కాస్త నలిగితే చాలు కర్ర కదలడం మొదలెడుతుంది. అలాగే తొక్కితే మొత్తం పాడవుతుంది కాబట్టి దిగి నడిపించుకుంటూ వెళ్ళాం. "మూడు గేర్లున్న సైకిలుకి పనికొచ్చే కాలు ఒక్కటేనా" అని బావ.

తర్వాతి ఊళ్ళో వేపచెట్టు కింద షాపు. షాపంటే ఒక రేకు, ఒక పెట్టె, నీళ్ళ తొట్టి, కొమ్మకి వేలాడుతున్న పాత టైర్లు. డెబ్బై దాటిన పెద్దాయన ఎక్సెల్ మోపెడ్‌కి పంక్చరు వేస్తున్నాడు, ఇప్పుడు ఆయన పనంతా వాటితోనే. నా సైకిలు చూసి పంక్చరు పని అక్కడే వదిలేశాడు.

"యాడిదబ్బయ్యా ఇది? ఇంగిలీషుదేనా?"

"ఇంగిలీషుదే పెద్దాయనా."

వంగి హబ్బు మీద వేలితో దుమ్ము తుడిచి అంకెలు చూశాడు. అడక్కుండానే వెనక చక్రం పైకెత్తి తిప్పి, చెవి పెట్టి విన్నాడు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు కావలిలో అద్దె సైకిళ్ళ షాపులో పనికి చేరాడట. గంటకింతని అద్దె, బండి నంబరు పుస్తకంలో రాసి, తెలిసినవాడి పూచీ ఉంటేనే ఇచ్చేది. పెళ్ళిళ్ళ రోజుల్లో షాపులో ఒక్క సైకిలు మిగిలేది కాదట. మొత్తానికి రాలీలు రెండే ఉండేవని, వాటిని డాక్టర్లకీ ప్లీడర్లకీ తప్ప బయటికి తీసేవాళ్ళు కాదని చెప్పాడు.

పని మాత్రం చూడాల్సిందే. పాత పిన్నుని నట్టు వదులు చేసి సుత్తితో ఒక్క దెబ్బ, బయటికి వచ్చేసింది. కొత్త పిన్ను తీసి, దాని ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో నాలుగు సార్లు రుద్ది, పెట్టి చూసి, తీసి, మళ్ళీ రుద్ది, రెండు పెడళ్ళూ ఒకే గీతలో వచ్చేదాకా వదల్లేదు. కొట్టేముందు కర్ర కింద ఒక ఇనప గొట్టం ముక్క నేలకి ఆనించి పెట్టాడు. అలా పెట్టకుండా కొడితే ఆ దెబ్బంతా లోపలి బేరింగు గుళ్ళ మీద పడి గుంటలు పడతాయి. సిటీలో నేను బాగుచేయించిన చోట గొట్టం పెట్టలేదు, ఎందుకు పెట్టలేదని అడిగేంత తెలివి అప్పుడు నాకూ లేదు.

"పిన్ను పోతే ఏ ఊళ్ళోనైనా ఏస్తారు అబ్బయ్యా. గుళ్ళు దొరుకుతాయి, టైరు దొరికిద్ది. లోపలి కప్పు పోతే మాత్రం నా కాడికి తేబాక. రాలీ వోడి మర వేరే."

ఆయన అన్నది అక్షరాలా నిజం. కప్పంటే పెడళ్ళ ఇరుసు తిరిగే చోట ఫ్రేములోకి మర తిప్పి బిగించేది. మిగతా ఇంగ్లీషు సైకిళ్ళ కప్పులకి అంగుళానికి 24 మరలుంటే, రాలీ వాళ్ళు తమ సొంతంగా 26 పెట్టుకున్నారు. మన బజారులో దొరికే కప్పు దాంట్లో ఎక్కదు. కానీ మిగతావన్నీ? 28 బై ఒకటిన్నర టైరు, ట్యూబు, కాటర్ పిన్ను, కడ్డీ బ్రేకుల రబ్బర్లు, వాల్‌లో వేసే ఆ చిన్న రబ్బరు గొట్టం, అన్నీ ఇప్పటికీ పల్లెటూరి షాపులో దొరుకుతాయి. ఎందుకంటే మన దేశంలో ఆ ఇంగ్లీషు నమూనాని ఎవరూ వదల్లేదు. హీరో, ఏవన్, అట్లాస్ అందరూ అదే నల్ల సైకిలుని, అవే కొలతలతో లక్షల్లో చేస్తూ వచ్చారు. ఇంత పాత వాహనానికి నెల్లూరు జిల్లా పల్లెలో పావుగంటలో సామాను దొరకడమంటే ఊరికే కాదు. అదే కాలపు కారుకి దొరుకుతుందా?

పెద్దాయన డబ్బులు తీసుకున్నాడు, తీసుకుని "చైను వొదులు, లాగిపిచ్చుకోవాల" అని ఇంకో తప్పు కూడా చూపించి, దానికీ తీసుకున్నాడు. ఇలాంటి కథల్లో మెకానిక్కు డబ్బు వద్దనడం నేను చాలా చదివాను. ఆయన అలాంటి మనిషి కాదు, నాకు నచ్చింది కూడా అదే. చివర్లో ఒక రౌండు వేసి వస్తానని సైకిలు తీసుకుని, ఎడమ కాలు పెడలు మీద పెట్టి రెండు తోపులు తోసి, పంచె ఒక చేత్తో పట్టుకుని కుడి కాలు వెనకనుంచి అలా గాల్లో తిప్పి ఎక్కాడు. ఆ ఎక్కడం నాకు ఈ జన్మకి రాదు.

బిట్రగుంటలో టీ తాగాం. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడ పెద్ద లోకోషెడ్డు ఉండేది, ఊరు ఊరంతా రైల్వే చుట్టూ పెరిగింది. ఆ తర్వాత కావలి దాకా ఎదురుగాలి, అంతే. నేను మొదటి గేరులో టిక్కు కూడా లేకుండా పోయాను. బావ సీటు మీదనుంచి లేచి నిలబడి తొక్కాడు. రాత్రి లాడ్జిలో కారం దోసె తింటూ మోకాళ్ళు నొప్పులని ఒప్పుకున్నాడు గానీ, గేర్ల మాట ఎత్తలేదు.

మూడో రోజు: ఉలవపాడు, సింగరాయకొండ

ఈ రోజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. తక్కువ దూరం, ఎక్కువ ముళ్ళు. తెట్టు దాటాక మట్టిరోడ్డు బాగుందని దిగాం, రోడ్డు పక్కంతా సర్కారు తుమ్మ. ఇద్దరికీ పంక్చర్లు. రాలీకి వెనక చక్రం ఊడదీయాలంటే గేరు గొలుసు విప్పాలి, చైను కవరు వెనక ముక్క తీయాలి, అదంతా ఒక పూట పని. కాబట్టి చక్రం ఊడదీయకుండానే టైరు ఒక పక్క పీకి, ట్యూబు బయటికి లాగి, పొలం కాలవలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూసి అతుకు వేశాం. సొల్యూషన్ ఆరేదాకా ఆగడానికి ఓపిక లేకపోతే పాత సైకిలు జోలికి రాకూడదు.

ఉలవపాడులో సపోటాలు. ఈ ఊరి మామిడి సంగతి అందరికీ తెలుసు, జనవరిలో రోడ్డు పక్క గంపలన్నీ సపోటాలే. అక్కడ ఒక రైతు మా సైకిళ్ళ చుట్టూ తిరిగి, "బిళ్ళేదీ?" అని అడిగాడు. సైకిలుకి పన్ను కట్టి, రేకు బిళ్ళ తగిలించుకుని తిరిగిన రోజులు ఆయనకి గుర్తున్నాయి. బిళ్ళ లేకపోయినా, రాత్రి లైటు లేకపోయినా, ఇద్దరెక్కినా పట్టుకునేవాళ్ళట. ఆయన ఒకసారి లైటు లేక అగ్గిపెట్టెలో కొవ్వొత్తి పెట్టుకుని వెళ్తే పోలీసు నవ్వి వదిలేశాడట. నమ్మాలో లేదో మీ ఇష్టం. నేను నమ్మాను, సపోటాలు రెండు ఎక్కువ వేశాడు మరి.

సాయంత్రం సింగరాయకొండలో గది తీసుకుని, సామాను పడేసి పాకల సముద్రం దాకా పోయొచ్చాం. వచ్చాక ఇద్దరం కిరసనాయిలు గుడ్డతో రిమ్ములు, హ్యాండిళ్ళు తుడిచాం. ఉప్పుగాలికి పూత పోయినచోట రాత్రికి రాత్రే ఎర్రటి తుప్పు లేస్తుంది. తుడవడం వరకే. మెరిసేలా పాలిష్ పెట్టడం, కొత్త రంగు కొట్టి బంగారు గీతలు గీయించడం నాకు గిట్టదు. ఇప్పుడు హోటళ్ళలో గోడకి ఎక్కిస్తున్న పాత సైకిళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. బాగా నడిచే బండిని టైర్లు కోసి, సీటు మీద పూలకుండీ పెట్టి, పక్కన నిలబడి సెల్ఫీలు. దాని కంటే తూకానికి అమ్మేస్తే కనీసం సామాను ఇంకో సైకిలుకి పనికొస్తుంది.

నాలుగో రోజు: టంగుటూరు, ఒంగోలు, కొత్తపట్నం

పొగాకు సీజను మొదలైంది. రోడ్డు దిగి లోపలికి వెళ్తే బ్యారన్లు కనిపిస్తాయి, ఎత్తుగా, కిటికీల్లేని గదుల్లా, పక్కన పేర్చిన కట్టెలు. వర్జీనియా పొగాకు ఆకుని కర్రలకి కట్టి లోపల వేలాడదీసి, బయట పొయ్యిలో మంట పెట్టి, ఆ వేడి గొట్టాల్లోంచి పంపి రోజుల తరబడి క్యూరింగ్ చేస్తారు. పొగ తాగని నాకు కూడా ఆ వాసన బావుంటుంది, తియ్యగా, కొంచెం ఎండుగడ్డిలా. ఒక బ్యారన్ దగ్గర మంట చూసే అతను మాకు టీ పోసిచ్చి, ఇదే పని మీద వాళ్ళ నాన్న రాత్రిళ్ళు పది కిలోమీటర్లు హెర్క్యులిస్ మీదే వచ్చేవాడని చెప్పాడు. బావ మొహం చూడాలి అప్పుడు. రాలీని డాక్టర్లు తొక్కితే, దేశాన్ని నడిపింది హెర్క్యులిస్ అని లెక్చరు మొదలుపెట్టాడు.

టంగుటూరు టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. మేం పక్కనుంచి గంట కొట్టుకుంటూ పోయాం. పన్ను లేదు, ఫాస్టాగ్ లేదు.

వల్లూరమ్మ గుడి దగ్గర ఆగి దండం పెట్టుకున్నాక, ఎదురుగాలి మళ్ళీ లేచింది. ఈసారి మామూలుగా కాదు, చెట్ల కొమ్మలు వంగుతున్నాయి. కాసేపటికి బావ ఆగి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, చాలా మామూలుగా అన్నాడు:

"నీ బండి సీటు బాగుందో లేదో ఒకసారి చూద్దాం."

సీటంట! మార్చుకున్నాం. మొదటి గేరు ఎలా వేయాలో చెప్పాను, తొక్కడం ఒక్క క్షణం ఆపి, మీట జరిపి, మళ్ళీ తొక్కాలి. గేరు పడగానే కాళ్ళకి పావు వంతు బరువు తగ్గిపోతుంది. ముందు అనుమానంగా తొక్కాడు, తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. హెర్క్యులిస్ మీద నేను. నిజం చెప్పాలంటే ఆ బండి నాకు చాలా నచ్చింది. గేర్లున్నప్పుడు ఇప్పుడు ఏది వేద్దామా అని బుర్ర ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. ఇక్కడ ఆ బాధ లేదు, గాలి ఎంత ఒప్పుకుంటే అంత జోరు. తొక్కుతూ తొక్కుతూ ఎప్పుడో పాట కూడా అందుకున్నాను.

ఒంగోలు ట్రాఫిక్కులో మాత్రం ఇద్దరికీ చెమటలు పట్టాయి. కడ్డీ బ్రేకులు నొక్కితే బండి ఆగదు, ఆగాలన్న ఉద్దేశం మాత్రం తెలియజేస్తుంది. ఇనప రిమ్ము తడిస్తే ఆ ఉద్దేశం కూడా ఉండదు. నాలుగు వాహనాల అవతల ఏం జరగబోతోందో ఇక్కడినుంచే ఊహించుకుంటూ పోవాలి. ఊరు దాటి కొత్తపట్నం రోడ్డెక్కాక ఊపిరి పీల్చుకున్నాం. ఇక్కడా అదే బకింగ్‌హామ్ కాలువ, మైపాడు దగ్గర దాటిందే, మాతోపాటే ఉత్తరానికి వచ్చినట్టుంది. సముద్రం ఒడ్డున ఇసకలో సైకిళ్ళు స్టాండు మీద నిలబడవు, అందుకని ఒక పడవకి ఆనించి స్నానాలకి దిగాం.

తిరుగు ప్రయాణం

మర్నాడు ఒంగోలు స్టేషన్లో సైకిళ్ళని పార్సిలు వేశాం. గోనెపట్టా చుట్టాలి, పేరు, దిగే స్టేషను రెండు చోట్ల రాయాలి, విలువ ఎంతో చెప్పాలి. ఫారం నింపే అతను "పాత సైకిలేగా, ఎంత వేయమంటారు?" అన్నాడు. హెర్క్యులిస్‌కి బావ ఒక అంకె చెప్పాడు. రాలీకి నేను నోరు తెరిచేలోపే దానికి మూడింతలు తనే చెప్పేశాడు, అది ఆయన బండే అన్నట్టు.

నెల్లూరులో దిగాక రాలీ మీద ఆయన వాళ్ళింటికి వెళ్ళాడు, హెర్క్యులిస్ మీద నేను మా ఇంటికి. రేపు తెచ్చిస్తానన్నాడు. తర్వాత ఉదయగిరి వైపు పోదాం, అటు కొండలుంటాయి గాబట్టి గేర్లు తప్పనిసరి అన్నాడు. ఇప్పుడు మద్రాసులో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి పాత స్టర్మీ-ఆర్చర్ హబ్బు ఎవరి దగ్గరైనా ఉందా అని వాకబు చేస్తున్నాడు. అది దొరికేదాకా నా రాలీ వాళ్ళింట్లోనే ఉండేట్టుంది.